ఎర్ర మగ్గులు, పచ్చాకు సీసాలు

“బాత్‌రూం తలుపుకు గడియ పెట్టుకోకు బిడ్డా. జారి పడితే లేపేటోళ్ళు కూడ ఉండరు.”

బస్సు ఇంకా నస్పూర్ చేరనేలేదు, సుగ్రా బేగం ఫోన్లో ఈ మాట అప్పటికి మూడోసారి చెప్పింది. అవతల ఇచ్చోడలో ఆమె కూతురు లైబా పకపకా నవ్వింది.

“గడియ లేకుండ స్నానం ఎట్ల చెయ్యాలె అమ్మీ?”

“తలుపు దగ్గరికెయ్యి. లోపలి నుంచి బకెట్ అడ్డం పెట్టు.”

“ఇంకా నయం, కానిస్టేబుల్‌ను కాపలా పెట్టుమనలే.” లైబా ఇచ్చోడలో బడిపంతులమ్మ. తోటి పంతులమ్మ ఫర్హీన్‌తో కలిసి ఒక గది కిరాయికి తీసుకొని ఉంటుంది. “ఇయ్యాల ఐతారం కదా, నేనూ ఫర్హీనూ కలిసి ఇల్లు కడుగుడు పెట్టుకున్నం. ఇల్లుగలామె బ్లీచింగ్ పౌడర్ ఇచ్చింది, బకెట్ల నానబెట్టిన. మొన్న శుక్రవారం నువ్వు తెచ్చిన గచ్చు కడిగే మందు సీసా ఉండనే ఉంది. వంట అయినంక ఒంటిగంటకు షురు చేస్తం. బాత్‌రూం గచ్చు అద్దం లెక్క చేస్తం చూడు.”

“గచ్చు నున్నగైతే ఇంకా జారుతది.”

“యా అల్లా!” అని లైబా ఫోన్ పెట్టేసింది. టైం పదకొండు పది.

సుగ్రా బేగానికి యాభై రెండేళ్ళు. కరీంనగర్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి, మోకాళ్ళు సహకరించక నౌకరి వదిలి, ఇంటి ముందర డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నది. చదివింది పదో తరగతి. పెద్ద విద్యలేమీ రావు. భయపడడం మాత్రం వచ్చు. ఎవరైనా తలుపు తీయడం ఆలస్యమైతే లోపల శవం ఉందనుకుంటది. పదిసార్లలో తొమ్మిదిసార్లు లోపల టీవీ మోగుతూ ఉంటది. ఆ పదోసారి కోసమే జనం ఆమెను వెతుక్కుంటూ వచ్చేది.

ఈసారి వెతుక్కుంటూ వచ్చింది బుచ్చవ్వ. ఆమె కొడుకు మల్లేష్ బొగ్గుబాయిలో పని చేస్తడు. నిన్న శనివారం మధ్యాహ్నం అతని భార్య కోమల క్వార్టర్ బాత్‌రూంలో పడిపోయింది. లోపలి గడియ పెట్టి ఉంటే నలుగురు కలిసి తలుపు పగలగొట్టిన్రు. పక్కన మూత తీసిన సీసా, బాత్‌రూం కడిగే మందుది. పొద్దున మొగుడూ పెళ్ళాం లొల్లి పెట్టుకున్నది వాడకట్టంతా విన్నది. ఇంకేముంది, మొగని బాధకు మందు తాగిందని పోలీసులు మల్లేష్‌ను పట్టుకపోయిన్రు. సాయంత్రం అయిదింటికి మేజిస్ట్రేటు ముందర నిలబెడుతరు. కోమలకు ఇంకా తెలివి రాలే.

పన్నెండు అయిదుకు సుగ్రా క్వార్టర్ గుమ్మంలో చెప్పులు విడిచింది.

“లొల్లి దేనికయింది బుచ్చవ్వా?”

“సెలవుకమ్మా. వాళ్ళ తమ్ముని పెండ్లికి నాలుగొద్దులు పోదామన్నది. వాడు సెలవు దొరకలేదన్నడు. గంతే. పోయేటప్పుడు టిఫిన్ డబ్బ కూడ పట్టుకపోయిండు. అలిగినోడు డబ్బ పట్టుకపోతడా?”

“డాక్టర్ ఏమన్నది?”

“గొంతుల పుండు లేదట, కడుపుల మంట లేదట. ఊపిరితిత్తులు కమిలినయట. మూడొద్దులు గడిస్తె గాని బతుకుతదో లేదో చెప్పలేమన్నది.” బుచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకున్నది.

సుగ్రా ఆ మాట దగ్గర ఆగిపోయింది. మందు తాగితే ముందు కాలేది నోరు. తర్వాత గొంతు. రెండూ మంచిగుండి ఊపిరితిత్తులు ఎట్ల కమిలినయి?

పక్క క్వార్టర్ కనకవ్వను పిలిపించింది. రెండు ఇండ్ల బాత్‌రూంలకు మధ్య గోడ ఒక్కటే.

“నిన్న ఏం విన్నవు? ఒకటి తర్వాత ఒకటి చెప్పు.”

“మూడింటికి నల్లా వచ్చింది. నేను బిందెలు పట్టుకుంటున్న. కోమల బాత్‌రూంల బ్రష్షుతోని గీకుతుంది. గర్రు గర్రుమని.”

“ఎంతసేపు?”

“నాకు మూడు బిందెలు నిండినయి. అప్పుడు గీకుడు ఆగింది. దగ్గు షురువయింది. ‘ఏందే కోమలా, సర్ది చేసిందా?’ అని అడిగిన కూడ. జవాబియ్యలే. మగ్గు పడ్డట్టు చప్పుడైంది. నేను...” కనకవ్వ గోడ దిక్కు చూసింది. “నేను నాలుగో బిందె పెట్టుకున్ననమ్మా. నల్లా పోతదని.”

“చావాలనుకున్న మనిషి ముందుగాల గచ్చు తోముతదా కనకవ్వా?”

కనకవ్వ తల అడ్డంగ ఊపింది.

బాత్‌రూం రెండు అడుగులేస్తే అయిపోతది. సుగ్రా మోకాళ్ళు పట్టుకొని మెల్లగా కూర్చుంది. పైన చిన్న కిటికీ ఉంది. దానికి పాలిథిన్ కవరు గట్టిగా అంటించి ఉంది, నాలుగు దిక్కులా టేపు.

“బొగ్గు దుమ్ము పడ్తదని మేమందరం గట్లనే మూస్తం,” అన్నది బుచ్చవ్వ.

మూలకు నీలం బకెట్, బోర్లించి ఉంది. లోపల అంచు చుట్టూ తెల్లటి పొర కట్టింది. సుగ్రా గోటితో గీకి వాసన చూసింది. బ్లీచింగ్ పౌడర్. పైన మేకుకు మల్లేష్ బాయి అంగీ వేలాడుతుంది. నల్లటి అంగీ మీద ఒక పక్కంతా చింది పడ్డట్టు తెల్లటి మచ్చలు.

“బాయి బట్టల మసి ఊరికె పోదు. రోజూ షిఫ్టు అయ్యే టైముకు బకెట్ల బ్లీచింగ్ కలిపి పెడ్తది కోడలు,” బుచ్చవ్వ గుమ్మం నుంచే చెప్పింది. “వాడు రాంగనే బట్టలిడిచి అండ్లనే వేస్తడు.”

మూసిన కిటికీ. గడియ పెట్టిన తలుపు. బ్లీచింగ్ నీళ్ళ బకెట్. పదిహేనేళ్ళ కింద ఒక లాడ్జిలో సుగ్రా చూసింది ఇట్లాంటిదే. బ్లీచింగ్ నీళ్ళలో యాసిడ్ పోసిండు పనాయన. పచ్చటి పొగ లేచింది. ఆయన తలుపు దాకా కూడ రాలేకపోయిండు.

“ఏం సుగ్రక్కా, మోకాళ్ళు నయమైనయా? మా కేసుల వేలు పెట్టనీకి గింత దూరం వచ్చినవు?”

వెనకాల ఎస్సై హనుమండ్లు. ఒకప్పుడు సుగ్రా కిందనే కానిస్టేబుల్‌గా డ్యూటీ నేర్చుకున్నడు. పరీక్షలు రాసి పైకి పోయిండు. నెత్తిమీది టోపీ పెద్దదైంది గాని, మాట తీరు మాత్రం అదే.

“నయం కాలే సారూ. అందుకే కూసోని చూస్తున్న. నిలబడి చూసినోళ్ళకు కనపడలే గదా.”

“ఏం కనపడాలె? లోపటి గడియ, మూత తీసిన సీసా, పొద్దున లొల్లి. చిన్న పోరగాడు కూడ లెక్క కలుపుతడు.”

“గీ బకెట్ల నీళ్ళెవరు పారబోసిన్రు?”

“మా కానిస్టేబుల్. కాళ్ళు కడుక్కున్నడు.”

“సాక్ష్యంతోని కాళ్ళు కడుక్కున్నడు. మంటలు పుట్టలేదా పాదాలకు?”

“పుట్టినయన్నడు. అయితే?” హనుమండ్లు గొంతు పెంచిండు. “నువ్వు ఎటు పోతున్నవో నాకెరుకే. యాసిడ్ కలిసింది, పొగ లేచిందంటవు. సీసాల యాసిడ్ ఉంటె గదా కలిసేది! ఇగో చూడు.”

జీపులోంచి ప్లాస్టిక్ సంచి తెప్పించిండు. అందులో సీసా. సగం ఖాళీ అయింది. తెల్లటి చీటీ మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద పెద్దక్షరాలు: పసిరిక. యాసిడ్ లేదు, క్లోరిన్ లేదు, పిల్లలున్న ఇంటికి భయం లేదు.

సుగ్రా చెయ్యి గోడకు ఆనుకుంది.

మొన్న శుక్రవారం ఇచ్చోడ బస్టాండులో కూతురి చేతికి ఆమె ఇచ్చింది ఇదే సీసా. ఇదే ఆకు. ఇదే పేరు.

“ఇంకా ఉంది,” హనుమండ్లు లామినేషన్ చేసిన కాయితం తీసిండు. “కేంద్ర సర్కారోళ్ళ జాబితా. ఇంటికీ నేలకూ నీళ్ళకూ హాని చెయ్యని సామాన్లు ఏవేవో పరీక్ష చేసి పేర్లు పెట్టిన్రు. మహిళా సంఘం గోడ మీద ఉంటె తెప్పిచ్చిన. తొమ్మిదో నంబరు చదువు.”

చదవాల్సిన పని లేదు. కరీంనగర్ దుకాణం గోడకు కూడ ఇదే కాయితం ఉంది, గుండ్రటి ముద్రతో సహా. తొమ్మిదో నంబరు మీద వేలు పెట్టి, పేరు కూడబలుక్కొని, ముద్ర తడిమి చూసి మరీ కొన్నది సుగ్రా. లోకంలో ఏ సామానునూ నమ్మని మనిషి, ఆ ముద్రను నమ్మింది.

“ఏమైందక్కా, మాట పడిపోయింది?”

“ఒక్క నిమిషం సారూ.” ఆమె లైబాకు ఫోన్ కొట్టింది. మోగి మోగి ఆగిపోయింది. టైం పన్నెండు నలభై. వంటింట్లో ఉండొచ్చు. కుక్కర్ చప్పుడుకు వినపడకపోవచ్చు. ఇంటి ఓనరామెకు చేద్దామంటే ఆమె నంబరు తీసుకోలే. ఎన్నిటికో భయపడ్డది గాని దీనికి భయపడలే.

మల్లేష్ బయటికి రావాలంటే ఈ సీసా చెడ్డది కావాలె. లైబా మంచిగుండాలంటే ఈ సీసా మంచిది కావాలె. ఏది కోరుకోవాలె తాను? ఎదురుగా బుచ్చవ్వ రెండు చేతులూ జోడించుకొని కూర్చుంది. ఆమె కూడ ఒక తల్లే.

“జర సీసా ఇటియ్యి సారూ. సంచితోనే ఇయ్యి.”

వెలుతురుకు పెట్టి చూసింది. తయారైన తేదీ చీటీ నాలుగు నెలల కిందటిది. ఆ చీటీ ఒక మూల లేచి ఉంది. కింద ఇంకో చీటీ.

“హనుమండ్లూ, నువ్వే గోటితోని లేపు. నీ సాక్ష్యం, నీ గోరే ఉండాలె.”

‘సారూ’ పోయి పేరు వచ్చింది. అతను గమనించలే. చేతిగుడ్డ చుట్టుకొని చీటీ అంచు లేపిండు. కింద అసలు తేదీ, రెండేళ్ళ కిందటిది.

“పాత సీసా,” అన్నడు మెల్లగా. “మళ్ళ నింపిన్రు.”

“ఎవరు నింపిన్రు? ఖాళీ సీసాలు ఎక్కడివి వాళ్ళకు?”

ఆ మాట అంటూనే సుగ్రా చూపు ఇంటి గుమ్మం అవతల పడ్డది. కనకవ్వ వాకిట్లో నల్లా పక్కన ఎర్ర మగ్గులు, వరసగా ఏడు. దాని పక్క ఇంట్లో నాలుగు. ఎదురింట్లో అయిదు. అన్నీ ఒకటే రంగు, ఒకటే అచ్చు.

“కనకవ్వా, ఏడు మగ్గులెందుకే మీ ఇద్దరికి?”

“కొన్నవి గావమ్మా. రాయమల్లు ఇస్తడు, ఆటోల వస్తడు. పసిరిక సీసా ఖాళీది ఇస్తె ఒక మగ్గు. కని ఆకు బొమ్మ చినగద్దు. చినిగితె తీసుకోడు. మేము పైలంగ కడిగి నీడకు ఆరబెడ్తం, పచ్చడి జాడీ లెక్క.”

“మామూలు సీసాలు తీసుకుంటడా?”

“ఊఁహూఁ. ఆకున్నదే కావాలె.”

“ఎప్పుడొస్తడు?”

“ఐతారం ఐతారం. గిదే టైముకు.”

వీధి చివర మైకు గరగరలాడింది. పాత సీసాలకు కొత్త మగ్గులమ్మో! హనుమండ్లు, సుగ్రా ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఎస్సై పరుగు తీసిండు.

అయిదు నిమిషాల్లో రాయమల్లు బుచ్చవ్వ వాకిట్లో గోనెసంచి మీద కూర్చున్నడు. నలభై ఏళ్ళ బక్కపలుచని మనిషి. ఆటోలో ఎర్ర మగ్గుల దొంతరలు, వాటి వెనక కడిగిన ఖాళీ సీసాలు. అన్నిటికీ ఆకు.

“సీసాలు ఎవలకిస్తవు?” హనుమండ్లు అడిగిండు.

“మందమర్రి అవతల షెడ్డు ఉంది సారు. మొండయ్య అని మేస్త్రీ. గాయిననే మగ్గులిస్తడు.”

“అక్కడ ఏం చేస్తరు?”

“నింపుతరు. తేదీ చీటీలు అంటిస్తరు. మూతకు మిషన్ తోని సీల్ ఏస్తరు, కొత్తదాని లెక్కనే.”

సీల్. సుగ్రా తెచ్చిన సీసాకు కూడ సీల్ ఉంది. ఇంతసేపూ ఆమె పట్టుకొని వేలాడిన తాడు అదే.

“దేనితోని నింపుతరు రాయమల్లూ?” ఆమె మెత్తగా అడిగింది.

“నాకు తెల్వదమ్మా.”

“తెల్వకపోతే నీ ఆటోల అన్నం డబ్బ ముందర సీట్ల, సీసాలు వెనక ఎందుకు పెడ్తవు? మీ ఇంట్ల బాత్‌రూం దేనితోని కడుగుతరు?”

రాయమల్లు తల వంచిండు. “సబ్బు నీళ్ళతోని.”

“ఎందుకు?”

“నీలం డ్రమ్ముల కెల్లి పోస్తరమ్మా. దగ్గరికి పోతె కండ్లు మండుతయి. ఒకసారి సిమెంటు మీద ఒలికింది. బుస్సుమని పొంగింది. యాసిడ్ అన్నరు. నీళ్ళు, రంగు, సెంటు కలుపుతరు.”

బుచ్చవ్వ లేచి అతని మీదికి ఉరికింది. కనకవ్వ నడుం పట్టి ఆపింది. “నా కోడలు దుమ్ము పడొద్దని కిటికీ మూసుకుందిరా! నీ మగ్గుతోనే నీళ్ళు పోసుకుందిరా!”

హనుమండ్లు టోపీ తీసి చేతిలో పట్టుకున్నడు. “మల్లేష్‌ను విడుస్త. మేజిస్ట్రేటుకు నేనే చెప్త. కని అక్కా, ఒకటి తెగుతలేదు. జాబితాల కంపెనీ పేరుంది గదా. అంటే కంపెనీ నడుస్తున్నట్టే. దుకాణాలల్ల ఉన్నవి మంచి సీసాలే కావచ్చు. గీ షెడ్డువి ఒకటో రెండో కలిసినయి. ఏది అసలుదో ఏది నకిలీదో ఎట్ల తెలుస్తది?”

ఆ ‘కావచ్చు’ను సుగ్రా గట్టిగా పట్టుకున్నది. అవును. కరీంనగర్‌ది పెద్ద దుకాణం. అక్కడికి అసలుదే వచ్చి ఉంటది.

“కాయితం వద్దు,” అన్నది. “ఫోన్ల సర్కారోళ్ళ అసలు జాబితానే చూద్దాం.”

“దానికి పాస్‌వర్డ్ కావాలె. కలెక్టరేటుకు రాయాలె. రేపు గాని...”

“అక్కర్లేదు. నీకూ నాకూ కనకవ్వకూ, అందరికీ తెరిచే పెట్టిన్రు. మనమే పోయి చూడం. గోడమీద కాయితం చూసి ఇంటికొస్తం.”

ఎట్ల తెరవాలెనో పోయిన ఏడాది లైబానే నేర్పింది. పేరు ఇంగ్లీషులో కొట్టు అమ్మీ, పచ్చ గీత వస్తే జాబితాల ఉన్నట్టు. సుగ్రా ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. బొగ్గు లారీ ఒకటి పోయిందాకా తిరిగింది.

పచ్చ గీత రాలే.

“తప్పు కొట్టినవేమో,” అన్నడు హనుమండ్లు. తన ఫోన్లో తానూ కొట్టిండు. అతనికీ రాలే. కింద ఇంకో వరస ఉంది, తొలగించినవి అని. దాని మీద వేలు పెట్టిండు. ఎర్ర గీత వచ్చింది. అతను చదివి, తెలుగులో చెప్పిండు.

“పసిరిక... ఫ్యాక్టరీ మూతపడ్డది... సర్టిఫికెటు వాపసు ఇచ్చిన్రు.”

“ఎప్పుడు?”

“పద్నాలుగు నెలలైంది.” అతను లామినేషన్ కాయితం తిప్పి తిప్పి చూసిండు. ముద్ర కింద, కండ్లు చిట్లించి చూస్తే గాని కనపడని తేదీ, రెండేళ్ళ కిందటిది. “కాయితం అబద్ధం కాదు. పాతది. ఇన్నొద్దులు ఇండ్లల్ల పోసుకున్నది గీ షెడ్డుదేనా...” సగంలో ఆగి సుగ్రా దిక్కు చూసిండు. “అక్కా? ఏమైంది?”

పద్నాలుగు నెలల సంది ఆ కంపెనీ లేదు. అంటే ఇప్పుడు ఏ దుకాణంలో ఉన్నా, ఎంత పెద్ద దుకాణమైనా, తేదీ కొత్తగున్న పసిరిక సీసా మంచిది కాదు. ఒక్కటి కూడ కాదు. తాను చీటీ చూసి కొన్నది, ఈ ఏడాదిది. తాజాగుందని సంబరపడ్డది.

“నా బిడ్డ,” అన్నది సుగ్రా. “ఇచ్చోడల. గిదే సీసా. నేనే ఇచ్చిన. బకెట్ల బ్లీచింగ్ నానబెట్టింది. ఒంటిగంటకు... ఒంటిగంటకు షురు చేస్తమన్నది.”

హనుమండ్లు చేతి గడియారం చూసుకున్నడు. ఒకటీ ఇరవై.

అతను పక్కకు జరిగి ఇచ్చోడ స్టేషన్‌కు ఫోన్ కలిపిండు. “ఏ వీధి అక్కా? ఏ ఇల్లు?” అని అడుగుతుండు. సుగ్రా చెప్తూనే తన ఫోన్లో లైబా నంబరు నొక్కింది.

మోగింది. ఆగింది. మళ్ళ నొక్కింది. మోగింది, ఆగింది. బుచ్చవ్వ ఎప్పుడొచ్చిందో వచ్చి, ఆమె భుజం పట్టుకొని నిలబడ్డది. పొద్దటి నుంచి ఏడుస్తున్న మనిషి ఇప్పుడు ఏడవడం లేదు, సుగ్రా చెవి దగ్గర చెవి పెట్టి వింటుంది. నాలుగోసారి. ఎనిమిది రింగులు. తొమ్మిది.

ఎవరో ఎత్తిన్రు.

“లైబా! లైబా, బాత్‌రూంల ఉన్నవా? బయటికి రా! ఆ మందు పొయ్యకు! గడియ పెట్టినవా? బిడ్డా, గడియ పెట్టినవా?”

జవాబు లేదు. అవతల నల్లా కింద బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. చెప్పులు గచ్చు మీద టపటపలాడినయి. ఎవరో తలుపు మీద బాదుతున్నరు, అరచేతితో, ఆగకుండా. ఆ తర్వాత ఆ చప్పుడు కూడ ఆగింది. బుచ్చవ్వ గోళ్ళు సుగ్రా భుజంలోకి దిగినయి. హనుమండ్లు ఫోన్ చెవి దగ్గర పెట్టుకొనే రాయి లెక్క నిలబడ్డడు. సుగ్రా కండ్లు మూసుకొని, ఆ నిశ్శబ్దంలో బిడ్డ ఊపిరి వినపడుతదా అని వెతికింది.

దగ్గు. ఇంకో దగ్గు. అప్పుడు వచ్చింది లైబా గొంతు, సన్నగా, వణుక్కుంటా.

“నేను పెట్టలే అమ్మీ. నేను మిద్దె మీద దుప్పట్లు ఆరేసి ఇప్పుడే కిందికి దిగిన. లోపల ఫర్హీన్ ఉంది. ఆమె పెట్టుకుంది.”